నొప్పి అని చెప్పలేక, వద్దు అనలేక

తన పేరు, వివరాలు ఎక్కడా రాకూడదని రెండుసార్లు గుర్తుచేస్తూ బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు ఉంది. సారాంశం చెబుతాను.

ఆమె వయసు 34. పుట్టిల్లు అనంతపురం జిల్లా. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళ కొడుకు. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా వేళలకు సరిపోయే రాత్రి షిఫ్టు. తెల్లవారి ఆరింటికి ఆఫీసు క్యాబ్ ఆయనను కె.ఆర్.పురంలోని ఇంటి దగ్గర దింపుతుంది. రెండు గదుల అద్దె ఇల్లు. ఒక గదిలో అత్తగారు, మనవడు పడుకుంటారు. మూడేళ్ళ క్రితం చేతివేళ్ళ కణుపులు వాచి, పరీక్షల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒక రకం కీళ్ళవాతం అని తేలింది. ఇప్పుడు మణికట్లు, మోకాళ్ళు కూడా పట్టేస్తున్నాయి. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్, దానితో ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, కొద్ది మోతాదులో స్టెరాయిడ్ వాడుతున్నారు. నిద్ర పట్టడం లేదంటే మరొక డాక్టరు అమిట్రిప్టిలిన్ రాశారు. నిద్ర లేచాక రెండు గంటల వరకు పాల ప్యాకెట్ కత్తిరించడానికి కూడా వేళ్ళు వంగవు. కంప్యూటర్ మీద పని చేయలేక ఉద్యోగం మానేశారు.

అసలు బాధ మూడో పేజీలో మొదలవుతుంది. భర్తకు ఇంట్లో ఏకాంతం దొరికేది ఆ తెల్లవారుజామునే, అత్తగారు, బాబు లేవకముందు. ఆమెకు ఒళ్ళంతా కొయ్యబారి ఉండేదీ అప్పుడే. "ఆయన చేయి నడుం మీద పడగానే తర్వాత ఏమవుతుందోనన్న భయంతో బిగుసుకుపోతాను. మణికట్టు నలుగుతున్నా, మోకాలు విరుగుతున్నట్టున్నా పళ్ళ బిగువున ఊరుకుంటాను. చాలాసార్లు నిద్ర నటిస్తాను" అని రాశారు. లోపల పొడిగా ఉండి మంట పుడుతోందని కొబ్బరినూనె రాసుకుంటున్నారు. గర్భం రాకుండా వాడేది కండోమ్ ఒక్కటే. పోయిన నెల బహిష్టు ఐదు రోజులు ఆలస్యమై ప్రాణం పోయినంత పనయిందట.

రెండు నెలల క్రితం భర్త, "నేనంటే నీకు ఇష్టం పోయింది, ఆ మాట చెప్పెయ్యి చాలు" అని, దుప్పటి తీసుకుని హాల్లోని సోఫా మీదికి మారారు. బలవంతం ఎన్నడూ చేయలేదని ఆమె ప్రత్యేకంగా రాశారు. ఇంకో బిడ్డను కంటే వాతం అదే పోతుందని అత్తగారు అంటున్నారు. బెంగళూరు చలి పడలేదు, ఆరు నెలలు వచ్చి ఉండు అని తల్లి పిలుస్తున్నారు. డాక్టరు మగవారు, ఆయన గదిలో ఎప్పుడూ ఇద్దరు జూనియర్లు ఉంటారు, ఈ సంగతి ఎలా ఎత్తాలి? ఓర్చుకోవాలా, పుట్టింటికి వెళ్ళాలా, లేక ఆయన దారి ఆయన చూసుకోమని చెప్పాలా? ఇవీ ఆమె ప్రశ్నలు. ఈ జబ్బు బాబుకు వస్తుందా అని చివర ఒక చిన్న ప్రశ్న.

*

అమ్మా, మీరు అడిగిన వాటికంటే ముందు, అడగని ఒక విషయం చెప్పాలి. ఇది ఆగేది కాదు.

కొబ్బరినూనె, కండోమ్ కలిపి వాడవద్దు. మామూలు కండోమ్ లేటెక్స్ రబ్బరుతో చేస్తారు. నూనె ఏదైనా సరే, కొబ్బరినూనె కానీ బేబీ ఆయిల్ కానీ వాసెలీన్ కానీ, కొద్ది నిమిషాల్లోనే దాన్ని బలహీనపరుస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది, వాడేటప్పుడు చిరుగుతుంది. మీరు వాడుతున్న మెథోట్రెక్సేట్ గర్భంలోని పిండానికి హాని చేసే మందు. గర్భస్రావం కావచ్చు, బిడ్డ అవకరాలతో పుట్టవచ్చు. అంటే మీ గర్భనిరోధకం ఎప్పుడు విఫలం కాకూడదో సరిగ్గా అప్పుడే దాన్ని మీరే బలహీనపరుస్తున్నారు. ఇందులో మీ తప్పేమీ లేదు, మీకు ఎవరూ చెప్పలేదు. మందు రాసినప్పుడే ఈ మాట చెప్పి ఉండాల్సింది.

కండోమ్ చిరిగిందని అనుమానం వస్తే 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు. బహిష్టు వారం దాటినా రాకపోతే మందుల షాపులో దొరికే కిట్‌తో పరీక్ష చేసుకోండి. పరీక్షలో గర్భం ఉందని వస్తే మెథోట్రెక్సేట్ తర్వాతి మోతాదు వేసుకోకుండా అదే రోజు డాక్టరును కలవండి. ఏం చేయాలన్న నిర్ణయం అప్పుడు మీరు, మీవారు, డాక్టరు కలిసి తీసుకుంటారు. ముందే భయంతో కుంగిపోవద్దు.

ఇక శాశ్వత పరిష్కారం కాకపోయినా నమ్మదగిన ఏర్పాటు ఒకటి చేసుకోవాలి. కాపర్ టి మీలాంటి మందులు వాడుతున్న వారు కూడా సాధారణంగా వేయించుకోవచ్చు. ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు. మాత్రలు కూడా చాలామందికి సరిపడతాయి. కానీ రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మంచివి కావు. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఎముకల సాంద్రతను కొంత తగ్గిస్తుంది, మీరు స్టెరాయిడ్ వాడుతున్నారు కాబట్టి దాన్ని ఎంచుకునే ముందు రెండుసార్లు ఆలోచించాలి. గైనకాలజిస్టు దగ్గర మీ మందుల చీటీ అంతా చూపించి మాట్లాడండి. ఈ ఏర్పాటు ఒకటి జరిగితే, మీ ఒళ్ళు బిగుసుకోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి ఆ రోజే పోతుంది. ఐదు రోజుల ఆలస్యానికి గుండె చేతిలో పట్టుకుని తిరిగే మనిషికి కోరిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు తెల్లవారుజాము సంగతి.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీళ్ళు ఉదయమే ఎందుకు బిగుస్తాయో మీకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. రాత్రి చివరి జాములో రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపును పెంచే పదార్థాలు ఎక్కువవుతాయి. వాటిని అదుపులో పెట్టాల్సిన కార్టిసోల్ అనే హార్మోను ఆ వేళకు చాలినంత ఉండదు. రాత్రంతా కదలకుండా ఉన్న కీళ్ళలో నీరు నిలుస్తుంది. లేచి, కదిలి, పొద్దెక్కే కొద్దీ సడలుతుంది. కాబట్టి ఉదయం ఆరింటికి మీ ఒంటికి రోజులో అతి కష్టమైన గంట. మీవారికి అదే రోజులో ఒకే ఒక్క ఖాళీ గంట. మీ ఇద్దరి మధ్య వచ్చిన తగాదాలో పెద్ద వాటా ఈ వేళదే. ఆ ఉద్యోగం మీ ఇంటి గడియారాన్ని అమెరికాకు తాకట్టు పెట్టింది, వడ్డీ మీరు మీ మోకాళ్ళతో కడుతున్నారు.

ఇది ఆయనకు తెలుసా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు నొప్పి ఉందని ఆయనకు తెలుసని ఉంది కానీ, ఆ వేళలో, ఆ పనిలో, ఏ కీలు ఎలా నొస్తుందో మీరు చెప్పినట్టు ఎక్కడా లేదు. మీరు నొప్పి దాచారు, ముఖం తిప్పుకున్నారు, నిద్ర నటించారు. ఆయన వైపు నుంచి చూడండి. పగలు వంట చేస్తూ, బాబుకు హోంవర్కు చేయిస్తూ తిరిగే భార్య తను తాకగానే కర్రలా బిగుసుకుంటోంది. దాన్ని ఆయన అయిష్టంగా చదువుకున్నారు. మీరు చెప్పని చోట ఆయన ఊహించుకున్నారు. అవమానం పడిన మనిషి సోఫా మీదికి వెళ్ళడం అన్యాయమే కావచ్చు, కానీ నాకు అర్థం కానిదేమీ కాదు. ఆయన బలవంతం చేసే మనిషి అయి ఉంటే ఈ జవాబు వేరేగా ఉండేది. ముందు మీ భద్రత గురించి మాట్లాడేదాన్ని. మీరు రాసిన దాన్ని బట్టి ఆయన అలాంటివారు కాదు.

ఓర్చుకోవాలా అని అడిగారు. ఓర్చుకోవచ్చు, చాలామంది అదే చేస్తున్నారు. దాని ఫలితం ఇప్పటికే మీరు చూస్తున్నారు. నొప్పి వస్తుందని ఎదురుచూసే శరీరం ముందే కండరాలు బిగిస్తుంది. కటి భాగంలోని కండరాలు కూడా బిగుస్తాయి. అప్పుడు కీళ్ళతో సంబంధం లేని కొత్త నొప్పి లోపల మొదలవుతుంది. ఆ నొప్పి భయాన్ని పెంచుతుంది, భయం బిగింపును పెంచుతుంది. మూడు నెలల తర్వాత చేయి నడుం మీద పడితే చాలు ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. మీకు ఇప్పుడు జరుగుతున్నది ఇదే. మీ ఓర్పు కాపురాన్ని నిలబెడుతోందని మీరు అనుకుంటున్నారు. ఆయన మాత్రం దాన్ని కాపురం చల్లారడంగా చూస్తున్నారు. కాబట్టి ఈ దారి ఇద్దరిలో ఎవరికీ పనికిరాలేదు.

పుట్టింటికి వెళితే ఏమవుతుంది? విశ్రాంతి దొరుకుతుంది, అమ్మ చేతి అన్నం దొరుకుతుంది, తెల్లవారుజాము భయం ఉండదు. ఇవి చిన్న విషయాలు కావు. అనంతపురం పొడి ఎండకు నొప్పి కొంత తగ్గినట్టు అనిపించవచ్చు కూడా, చలికి నొప్పి ఎక్కువగా తెలియడం నిజమే. కానీ ఈ జబ్బును బెంగళూరు చలి తెచ్చిపెట్టలేదు, అనంతపురం ఎండ తీసుకుపోదు. ఇది శరీరపు రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత కీళ్ళ మీద పడే జబ్బు. మెథోట్రెక్సేట్ వాడేవారికి రక్తపరీక్ష, కాలేయ పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి, అక్కడ అవి కుదురుతాయో లేదో చూసుకోవాలి. అన్నింటికంటే ముఖ్యం, ఏమీ చెప్పకుండా ఆరు నెలలు వెళితే ఆయన అనుమానానికి మీరే సంతకం పెట్టినట్టవుతుంది. చెప్పి, ఒక పదిహేను రోజులు వెళ్ళి రండి, ఆ మాట వేరు.

ఆయన దారి ఆయన చూసుకోమనడం గురించి ఎక్కువ రాయను. కోపంలోనో, తనను తాను శిక్షించుకోవాలనో ఆడవాళ్ళు అనే మాట అది. ఆయన అడగలేదు, మీరు ఎందుకు ఇస్తున్నారు?

మిగిలింది మాట్లాడటం. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు కాపురం చేసి, బిడ్డను కని, అయినా ఈ విషయంలో ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడుకోని జంటలు మన ఇళ్ళలో ఎన్నో. ఎప్పుడు మాట్లాడాలన్నది ముఖ్యం. మంచం మీద, తిరస్కారం జరిగిన క్షణంలో కాదు. పక్క గదిలో అత్తగారు మెలకువగా ఉన్నప్పుడూ కాదు. బాబును స్కూలుకు పంపాక, ఆయన నిద్రలేచిన మధ్యాహ్నం, టీ తాగే నెపంతో ఎక్కడికైనా బయటికి వెళ్ళండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ముఖాలు చూసుకోవాల్సిన అవసరం ఉండదు. సిగ్గుపడేవారికి అది సులువు. అదీ కుదరకపోతే నాకు రాసినట్టే ఆయనకు రాయండి. మీ మూడో పేజీ అంత స్పష్టంగా రాయగలిగిన మనిషికి మాటలు లేవని నేను నమ్మను.

ఏం చెప్పాలి? ఇష్టం పోలేదని ముందు చెప్పండి, అది నిజమైతేనే. ఉత్తరంలో ఆయన షర్టు గుండీ పెట్టలేకపోయిన రోజు ఏడ్చానని రాశారు కాబట్టి నిజమేనని నా ఊహ. తర్వాత నొప్పికి చిరునామా ఇవ్వండి: మణికట్టు మీద బరువు పడితే ఇలా, మోకాలు పూర్తిగా మడిస్తే ఇలా, ఉదయం ఇలా, సాయంత్రం ఇలా. 'ఒళ్ళు బాగాలేదు' అంటే ఆయన ఏం చేయాలో ఆయనకు తెలియదు. 'ఎడమ మోకాలి కింద దిండు పెట్టు' అంటే తెలుస్తుంది. ఆయనలో కూడా ఒక భయం ఉండవచ్చు. తన వల్ల మీ కీళ్ళు పాడవుతాయేమోనని చాలామంది భర్తలు దూరం జరుగుతారు, పైకి చెప్పరు. కలయిక వల్ల కీళ్ళు అరిగిపోవు, జబ్బు ముదరదు. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ రెండు ముక్కలు ఆయన చెవిన వేయండి.

వేళ మార్చుకోవడం గురించి. మీ ఉత్తరం ప్రకారం ఆయన ఉదయం ఎనిమిదికి పడుకుని రెండింటికి లేస్తారు, బాబు మూడున్నరకు వస్తాడు. ఆ మధ్యలో మీ కీళ్ళు సడలి ఉంటాయి. అత్తగారు ఇంట్లోనే ఉంటారన్నది అడ్డంకి. శని, ఆదివారాల్లో సాయంత్రం మనవడిని పార్కుకు తీసుకువెళ్ళమని ఆమెను అడగవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. కొడుకూ కోడలూ మాట్లాడుకోవడానికి కాస్త తీరిక కావాలంటే అర్థం చేసుకోలేనంత అమాయకురాలు ఏ అత్తగారూ కాదు. షిఫ్టు మార్పు కోసం ఆయన ఆఫీసులో అడగడం మరో దారి. జీతంలో రాత్రి భత్యం పోవచ్చు, అది మీ ఇంటి లెక్క, మీరిద్దరే తేల్చుకోవాలి. మొత్తానికి వేళ నిర్ణయించుకుని కలవడం అంటే యాంత్రికంగా ఉంటుందని కొందరు ముఖం చిట్లిస్తారు. పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకో నాకు తెలియదు.

కలవాలనుకున్న రోజు గీజరు వేసుకుని పావుగంట వేడినీళ్ళ స్నానం చేయండి, ఇద్దరూ కలిసి చేసినా తప్పు లేదు. వేళ్ళను, మణికట్లను, మోకాళ్ళను నెమ్మదిగా కదిలించి చూసుకోండి. డాక్టరు ఇప్పటికే రాసిన నొప్పి మాత్ర ఉంటే ఆ రోజు మోతాదును ముప్పావుగంట ముందు పడేటట్టు సర్దుకోవచ్చు. అదనంగా ఇంకోటి వేసుకోవద్దు. ఆ రోజు బట్టలు ఉతకడం, పిండి రుబ్బడం వంటి పనులు పెట్టుకోకండి. ఈ జబ్బులో అలసట నొప్పికి అక్క లాంటిది, ముందు అదే వస్తుంది.

భంగిమల గురించి మీరు అడగడానికి మొహమాటపడ్డారు, నేను మొహమాటపడను. మీరు వెల్లకిలా పడుకుని ఆయన బరువంతా మీ మీద పడే పద్ధతి మీ మోకాళ్ళకు, తుంటికి కష్టం. ఆ పద్ధతే కావాలనుకుంటే రెండు మోకాళ్ళ కింద దిండ్లు, నడుం కింద ఒక చిన్న దిండు పెట్టి, ఆయన తన బరువు తన చేతుల మీదే ఆపుకోవాలి. మీ చేతులు నేలకో మంచానికో ఆనించి బరువు మోసే పద్ధతులు మణికట్లు వాచినప్పుడు వద్దు. చాలామందికి అన్నింటికంటే సుఖంగా ఉండేది ఇద్దరూ ఒకే వైపు తిరిగి పక్కకు పడుకోవడం, ఆయన మీ వెనుక, మీ మోకాళ్ళ మధ్య ఒక దిండు. ఏ కీలు మీదా బరువు పడదు. మధ్యలో నొప్పి వస్తే ఆగమని చెప్పడానికి ఒక గుర్తు ముందే పెట్టుకోండి, భుజం మీద రెండుసార్లు తట్టడం లాంటిది. ఆగడం అంటే అంతటితో అయిపోయిందని కాదు, దిండు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఈ ఒక్క ఒప్పందం ఉంటే పళ్ళు బిగపట్టాల్సిన అవసరం ఉండదు.

పొడిదనం విషయంలో నాకు రెండు అనుమానాలున్నాయి. కళ్ళలో ఇసుక పడినట్టు ఉంటోందని, నీళ్ళు తాగకుండా ముద్ద దిగడం లేదని రెండో పేజీలో మరో సందర్భంలో రాశారు. కళ్ళు, నోరు, యోని మూడూ పొడిబారడం షోగ్రెన్స్ అనే జబ్బు లక్షణం. రుమటాయిడ్ ఉన్నవారిలో కొందరికి ఇది తోడుగా వస్తుంది, పరీక్షలతో తేలుతుంది. రెండో అనుమానం మీ నిద్ర మాత్ర మీద. అమిట్రిప్టిలిన్ నోటిని బాగా పొడిబారుస్తుంది, కొందరిలో కోరికను కూడా తగ్గిస్తుంది. అది రాసిన డాక్టరుకు మీ పొడిదనం సంగతి తెలియదు, మీ కీళ్ళవాతం చూసే రుమటాలజిస్టుకు ఆ మాత్ర సంగతి తెలుసో లేదో. మీరుగా ఆపేయవద్దు. ఆ మాత్ర అట్ట తీసుకువెళ్ళి ఆయనకు చూపించండి. స్టెరాయిడ్ కూడా అంతే, కోరిక చంపేస్తుందని పక్కింటివారు చెప్పారని ఒక్కసారిగా మానితే ప్రమాదం. అదుపులో లేని వాపు, రక్తహీనత, నిద్రలేమి ఇవే ముందు కోరికను తినేస్తాయి.

కొబ్బరినూనె స్థానంలో నీటితో తయారైన లూబ్రికెంట్ జెల్ వాడండి. మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు, కండోమ్‌ను పాడుచేయదు. కొద్దిగా కాదు, ధారాళంగా వాడాలి. మూత మీ వేళ్ళతో తిప్పలేకపోతే ఆయన తీస్తారు, ఆ పని కూడా ఆయనకు అప్పగించండి. మంట అయినా తగ్గకపోతే ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందేమో గైనకాలజిస్టు చూడాలి. రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నారు కాబట్టి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పాప్ పరీక్ష కూడా అప్పుడే చేయించుకోండి. ముప్పై దాటిన వారందరూ చేయించుకోవాల్సిందే, మీరు మరీనూ.

మీరిద్దరూ మాట్లాడుకున్నాక కూడా ఒళ్ళు ఉలికిపాటు వెంటనే పోదు. దానికి ఒక పాత ఉపాయం ఉంది. మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1970లో ప్రచారంలోకి తెచ్చినది, నేటికీ సెక్స్ థెరపీలో వాడుతున్నారు. కొన్ని వారాలపాటు కలయిక ఉండదని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. ఆ వారాల్లో పక్కన పడుకోవడం, వీపు నిమరడం, తల దువ్వడం, వేళ్ళకు నూనె రాయడం, ఇవి మాత్రమే. చేయి పడితే తర్వాత ఏదో జరుగుతుందన్న లెక్క మీ శరీరం మరిచిపోవాలి. ఆయనకు ఇది మొదట శిక్షలా అనిపించవచ్చు. కానీ సోఫా మీద పడుకోవడంకంటే మెరుగే కదా, మంచం మీదికి తిరిగి వస్తారు. కొన్ని జంటలు ఇక్కడే ఆగి, కలయిక లేకుండానే ఇద్దరికీ తృప్తి కలిగే మార్గాలు వెతుక్కుంటాయి. జబ్బు ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో అదీ ఒక దారే, తక్కువ రకం దారి ఏమీ కాదు.

డాక్టరు సంగతి. రోజూ రెండు గంటలు కీళ్ళు బిగుసుకుంటున్నాయంటే మీ జబ్బు ఇంకా అదుపులోకి రాలేదని అర్థం. ఈ రోజుల్లో రుమటాలజీలో లక్ష్యం నొప్పి తట్టుకునేలా చేయడం కాదు, వాపును దాదాపు పూర్తిగా అణచడం. అది జరగకపోతే మందు మోతాదు మారుస్తారు, మరో మందు కలుపుతారు, అవసరమైతే వాపును పెంచే పదార్థాలనే అడ్డుకునే బయోలాజిక్స్ వంటి మందులకు వెళతారు. మీరు 'పర్వాలేదు డాక్టరు గారూ' అని వచ్చేస్తే ఆయన చీటీ మీద పాత మందులే రాస్తారు. నేను పైన చెప్పిన దిండ్లు, వేడినీళ్ళు అన్నీ కలిపినా, వాపు తగ్గించే మందు చేసినంత మేలు చేయవు.

ఎలా చెప్పాలంటే, ఒక కాగితం మీద రాసి ఆయన చేతికి ఇవ్వండి. 'పొద్దున రెండు గంటలు బిగింపు. దాంపత్య జీవితం కష్టంగా ఉంది. యోనిలో పొడిదనం. కండోమ్ మీద ఆధారపడుతున్నాం. ఈ నిద్ర మాత్ర కూడా వాడుతున్నాను.' ఇంతే. ఇంగ్లీషులో ఉండాలని లేదు, బెంగళూరు ఆసుపత్రుల్లో తెలుగు అర్థమయ్యే వారు పుష్కలం. జూనియర్లను కాసేపు బయటికి పంపమని అడిగే హక్కు మీకుంది. ఆయనతో కుదరకపోతే వార్డులోని సీనియర్ నర్సుతోనో, ఫిజియోథెరపిస్టుతోనో మొదలుపెట్టండి. వీలైతే మీవారిని వెంట తీసుకువెళ్ళండి. ఆరింటికి మీ కీళ్ళు ఎందుకు కొయ్యబారుతాయో డాక్టరు నోట వింటే, మీరు పది రాత్రులు చెప్పినా ఎక్కనిది ఆయన తలకెక్కవచ్చు. ఉద్యోగం పోయాక రోజంతా ఏడుపు వస్తోందని, ఏదీ ఇష్టం లేదని కూడా రాశారు. దాన్ని జబ్బులో భాగమని వదిలేయకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు, డబ్బు అక్కరలేదు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్ళోనే ఉంది.

అత్తగారి మాటలో ఒక పావు వంతు నిజం ఉంది, అందుకే దాన్ని తోసిపారేయను. గర్భం సమయంలో ఈ జబ్బు చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఫిలిప్ హెంచ్ అనే అమెరికన్ వైద్యుడు 1930లలోనే దీన్ని గమనించి రాశాడు. ఆ ఆలోచన వెంట వెళ్ళే కార్టిసోన్ అనే స్టెరాయిడ్ దాకా చేరి, 1950లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆమె చెప్పనిది మిగతా ముప్పావు వంతు. అందరిలోనూ తగ్గదు, తగ్గిన వారిలో చాలామందికి ప్రసవం తర్వాత కొన్ని నెలల్లోనే తిరగబెడుతుంది, అప్పుడు చేతిలో పసిబిడ్డ ఉంటుంది. రెండో బిడ్డ మీకూ కావాలంటే కనవచ్చు, ఈ జబ్బు దానికి అడ్డం కాదు. కానీ వరుస ఇది: ముందు జబ్బు కొన్ని నెలలపాటు అణిగి ఉండాలి. మెథోట్రెక్సేట్‌ను డాక్టరు చెప్పిన ప్రకారం, గర్భం ధరించడానికి ఒకటి నుంచి మూడు నెలల ముందే ఆపి, గర్భంలో కూడా వాడదగిన మందులకు మారాలి. మీరు వాడుతున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ అలాంటిదే. ఫోలిక్ యాసిడ్ ఆపకూడదు. ఎప్పుడైనా లెఫ్లునోమైడ్ అనే మందు రాస్తే, బిడ్డ ఆలోచన ఉందని అప్పుడే చెప్పండి. అది ఆపిన తర్వాత కూడా చాలాకాలం ఒంట్లో ఉండిపోతుంది, దాన్ని కడిగి బయటికి పంపడానికి వేరే మందు వాడాలి. మీకు వద్దనుకుంటే ఆ మాట మీవారు తన తల్లికి చెప్పాలి. కోడలి నోట కంటే కొడుకు నోట అది తేలికగా దిగుతుంది.

బాబు గురించి అడిగారు. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం మిగతావారి కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఎక్కువమంది పిల్లలకు రాదు, కాబట్టి ఇప్పుడు ఏ పరీక్షా చేయించనక్కరలేదు. వాడు పెద్దయ్యాక దూరంగా ఉంచాల్సింది మాత్రం ఒకటుంది. పొగతాగడం ఈ జబ్బు వచ్చే ముప్పును పెంచుతుంది, వచ్చినవారిలో మందులు సరిగా పనిచేయకుండా చేస్తుంది. షిఫ్టు నుంచి వచ్చి మీవారు బాల్కనీలో తాగే సిగరెట్ల గురించి ఉత్తరంలో మీరు ఊరికే రాసినట్టు రాశారు. ఆ సంగతి కూడా మధ్యాహ్నం టీ దగ్గర ఎత్తండి, అన్నీ అయ్యాక చివర్లో. మగవారిలో అంగస్తంభన తగ్గడానికి పొగ ఒక కారణమని కూడా కలిపి చెప్పండి. మీ కీళ్ళ కోసం మానని వారు దాని కోసం మానవచ్చు.